ఊడని కుట్టు

నిన్న పొద్దున నా దుకాణం ముందు ఒక కారును దించి వెళ్లారు. నంద్యాల దారిలో డివైడర్‌ను గుద్దుకున్న బండి. ఇంజను పని, రేకుల పని అయిపోయి, సీట్ల పని నా దాకా వచ్చింది. తలుపు తీయగానే ఆ వాసన ముక్కుకు కొట్టింది. దీపావళి మర్నాడు వీధిలో ఉండే టపాకాయల వాసనకు చంటిపిల్లల పౌడరు కలిపితే ఎట్లా ఉంటుందో అట్లాంటి వాసన. ఎయిర్‌బ్యాగు పేలిన బండిని ఎంత తుడిచినా కొన్నాళ్ల దాకా అది పోదు. టేపు పట్టుకుని సీటు కొలవడానికి వంగినదాన్ని, కొలవకుండానే వెనక్కు వచ్చి స్టూలు మీద కూర్చున్నాను. చాయ్ తెచ్చిన మనిషి "ఏమక్కా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. ఒంట్లో బాగానే ఉంది. ఖాజా మామ గుర్తొచ్చాడు, అంతే.

కర్నూలులో కార్ల సీట్లు కుట్టే ఆడమనిషిని నేనొక్కదాన్నే అని జనం అంటుంటారు. నిజమో కాదో తెలియదు, నిజమైతే బాగుండునని మాత్రం నాకుంది. ఈ పని నాకు నేర్పినవాడు కడపలో ఖాజా మామ. ఆయన తండ్రి జట్కాబండ్లకు మెత్తలు కుట్టాడట. ఈయన ట్రాక్టరు సీట్లతో మొదలుపెట్టి జీపులకూ, బస్సులకూ, చివరికి కార్లకూ వచ్చాడు. పొట్టి మనిషి. చేతివేళ్లు మాత్రం పొడుగ్గా, గట్టిగా ఉండేవి. కుడిచేతి చూపుడువేలి చివర సూది దిగీదిగీ చర్మం గోరంత మందంగా తయారైంది. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మాట్లాడితే ఎదుటి మనిషి ఒక పూటంతా ఆలోచించుకోవాల్సిందే.

నేను కమలాపురంలో జాకెట్లు కుట్టుకుని బతికినదాన్ని. మా ఆయన ఆటో నడపడానికి కడపకు రావడంతో నేనూ వచ్చాను. అప్పటికి నాకు ముప్పయ్యొక్కేళ్లు. కొత్త ఊళ్లో జాకెట్లు ఇచ్చేవాళ్లు దొరక్క, సీట్ల దుకాణంలో మనిషి కావాలన్నారని విని వెళ్లాను. ఖాజా మామ నన్ను ఎగాదిగా చూసి రెండు రెక్సిన్ ముక్కలు చేతికిచ్చి కలిపి కుట్టమన్నాడు. పదేళ్ల అనుభవమంతా చూపించి, గీత గీసినట్టు కుట్టి ఇచ్చాను. ఆయన దాన్ని వెలుగులోకి పెట్టి చూసి, రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. కుట్టు పర్రున విడిపోయింది. "జాకెట్టు కుట్టు ఇది. జాకెట్టు ఊడితే ఆయమ్మ ఇంటికి పోయి మార్చుకుంటాది. సీటు ఊడితే నా పేరు పోతాది. రేపట్నుంచి రా" అన్నాడు. కోపం నషాళానికంటింది. ఇంకెప్పుడూ ఆ గడప తొక్కకూడదనుకున్నాను. మరుసటి రోజు పది నిమిషాలు ముందే వెళ్లాను.

ఆయన పేరంతా ఆ కుట్టులోనే ఉంది. దుకాణం దూలానికి ఒక కొక్కెం, దానికింద ట్రాక్టరు ముందు తగిలించే ఇనుప దిమ్మ ఒకటి ఉండేవి. కుట్టిన ప్రతి తొడుగునూ కొక్కేనికి వేలాడదీసి, ఆ దిమ్మను దానికి కట్టి, ఒక పగలంతా వదిలేసేవాడు. సాయంత్రం కుట్టు మీద వేలు పోనిచ్చి చూసేవాడు. ఒక్క పోగు వదులైనా మొత్తం విప్పించి మళ్లీ కుట్టించేవాడు. కోయిలకుంట్ల నుంచి కూడా జనం ఆయన కుట్టు కోసం వచ్చేవారు. ఏడాది తిరిగేలోపు నా కుట్టూ ఆ దిమ్మను మోసింది. ఆ సాయంత్రం ఆయన తన తండ్రి వాడిన కత్తెరను నా మిషను పక్కన పెట్టి వెళ్లాడు.

అట్లా ఏడేళ్లు గడిచాయి. విష్ణు ఆ దుకాణానికి కొత్తవాడు కాదు. భూములున్న ఇల్లు, తండ్రి రోడ్డు కాంట్రాక్టులు చేసేవాడు. మొదటి మోటారుసైకిలు సీటు నుంచి అన్నీ మామ దగ్గరే కుట్టించుకున్నాడు. పని లేకపోయినా వచ్చి బెంచీ మీద కూర్చుని మామతో చాయ్ తాగేవాడు. వాళ్లిద్దరి మధ్య ఏం కబుర్లుంటాయో నాకు అర్థమయ్యేది కాదు. ఒకరికి ఇరవై ఆరు, ఇంకొకరికి అరవై దాటాయి. ఒకరోజు పసుపుపచ్చ కారొకటి తెచ్చి దుకాణం ముందు ఆపాడు. రెండే తలుపులు, నేలకు అంటుకున్నట్టు కిందికి ఉంది. బెంగళూరులో ఎవరో వాడుకున్న స్పోర్ట్స్ కారును కొన్నాడట. మామ దానిచుట్టూ తిరిగి, "ఏమప్పా విష్ణూ, దీంట్లో కూచుంటారా, పండుకుంటారా?" అని అడిగాడు. విష్ణు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. నిశ్చితార్థం పది రోజుల్లో ఉందనీ, ఈలోపు సీట్లకు ఎరుపూ తెలుపూ కలిపి తొడుగులు కావాలనీ అడిగాడు.

ఆ సీటును కొలుస్తున్నప్పుడే నేను ఆ చీటీని చూశాను. డ్రైవరు సీటు వీపుకు తలుపు వైపు, అతుకులో కుట్టిన చిన్న గుడ్డముక్క. దుకాణంలో ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగినదాన్ని నేనే. పదో తరగతి పాసయ్యానన్న గర్వం కూడా నాకు కొంచెం ఉండేది. "ఎయిర్‌బ్యాగ్ అని రాసుండాది మామా" అన్నాను. ఆయన దగ్గరికొచ్చి కళ్లద్దాలు పైకెత్తి చూశాడు. "అది స్టీరింగులో గదా ఉండేది? సీట్లో ఎందుకుంటాది?" అన్నాడు. నాకూ తెలియదు. సీటు పక్క నుంచి కూడా సంచి పేలి బయటికొస్తుందనీ, మనిషికీ తలుపుకూ మధ్య దిండులా నిలబడుతుందనీ అప్పటికి మా ఇద్దరిలో ఎవరూ విని ఉండలేదు. "కారు పుస్తకంలో కంపెనీ నంబరుంటాది. ఫోన్ చేసి అడుగు ఓబులమ్మా. మనకు తెలీని దాని మీద సూది పెట్టగూడదు" అన్నాడు మామ.

ఫోన్ చేశాను. ఒక గొంతు హిందీకి ఒకటి నొక్కమంది, ఇంగ్లీషుకు రెండు నొక్కమంది. రెండు నొక్కాను. ఒక అమ్మాయి వచ్చి గడగడా ఏదో అడిగింది. నాకు ఒక్క ముక్క కూడా పట్టుబడలేదు. ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. చెవులు వేడెక్కి, ఫోను పెట్టేశాను. ఇంకోసారి చేద్దామనుకుంటూనే రెండు రోజులు గడిపాను. విష్ణునే చేయమని ఉండవచ్చు, అతను ఇంజినీరింగు చదివినవాడు. అడగలేదు. ఇంగ్లీషు వచ్చినదాన్నని దుకాణమంతా అనుకుంటున్నప్పుడు, రాదని నా నోటితో నేనెట్లా చెప్పను? మూడో రోజు మామ "అడిగినావా?" అన్నాడు. "అడిగినా మామా. ఏం కాదంట" అన్నాను. ఎంత తేలికగా వచ్చిందో ఆ మాట. ఆయన తల ఊపి తాను చూసుకుంటున్న పనిలో పడ్డాడు. ఆ చీటీ కుట్టు వరసకు అడ్డం వస్తోందని లోపలికి మడిచి, పైన జంట కుట్టు వేశాను. ఆ తొడుగు ఒక పగలంతా ఇనుప దిమ్మను మోసింది. ఒక్క పోగు వదులు కాలేదు.

మూడు నెలల తర్వాత పులివెందుల నుంచి వస్తుండగా, తుమ్మలపల్లె దారి కలిసే దగ్గర, విష్ణు కారును పక్క నుంచి ఒక టిప్పరు గుద్దింది. దెబ్బంతా డ్రైవరు తలుపు మీదే పడింది. ప్రాణం దక్కిందని విని మామ దుకాణంలోనే చాప పరిచి నమాజు చేసుకున్నాడు. బండిని కడపకు తెచ్చి రేకుల పని చేసే శివయ్య షెడ్డులో పెట్టారు. ఆ శివయ్యే మరుసటి రోజు నవ్వుకుంటూ మా దుకాణానికి వచ్చాడు. "ఖాజా మామా, వచ్చి చూడప్పా. బండి నుజ్జునుజ్జయి ఉండాది. తలుపు లోపలికి వచ్చేసింది. నీ కుట్టు మాత్రం ఊడలా! శానా మందికి చూపించినా" అన్నాడు. మామ మొహంలో కొంచెం సంతోషం కనిపించింది. ఎందుకు కనిపించదు? నలభై ఏళ్లుగా ఆ మాట కోసమే పని చేసిన మనిషి.

ఇద్దరం వెళ్లాం. ఆ షెడ్డులో కూడా అదే వాసన. స్టీరింగు నుంచి తెల్లటి సంచి వేలాడుతోంది. సీటు బెల్టును సగానికి కోసి తీసుకుపోయారు. "బెల్టు లేకుంటే అద్దంలోంచి బయటపడుండు. ఆ బెల్టూ, ఈ బ్యాగూ వాన్ని నిలబెట్టినాయి" అని శివయ్య చెప్పాడు. మామ వినడం లేదు. డ్రైవరు సీటు మీద చెయ్యి పెట్టి కిందికి జరుపుతున్నాడు, దుకాణంలో సాయంత్రంపూట కుట్టును తడిమి చూసినట్టే. తలుపు వైపు అంచు దగ్గర ఆయన చెయ్యి ఆగింది. అక్కడ తొడుగు కింద ఏదో ఉబ్బెత్తుగా ఉంది. జేబులోంచి కత్తెర తీసి నా జంట కుట్టును విప్పాడు. లోపల పీచుపీచుగా మడతలు పడ్డ తెల్లటి గుడ్డ, గోతాంలో కుక్కినట్టు కుక్కుకుని ఉంది. తెల్లటి పొడి ఆయన వేళ్ల మీద పడింది. పేలింది. పేలి, బయటికి రావడానికి దారి లేక, నా కుట్టు వెనకాలే ఆగిపోయింది. శివయ్య నవ్వు ఆపేశాడు. "ఇది వచ్చుంటే?" అని మామ అడిగాడు. "ఎట్లా చెప్తాం మామా. దెబ్బ కొంచెం తగ్గుండునేమో" అన్నాడు శివయ్య. విష్ణుకు కుడివైపు నాలుగు పక్కటెముకలు విరిగాయి. తుంటి ఎముక మూడు ముక్కలైంది.

నేను అప్పుడే చెప్పి ఉండాలి.

విష్ణును ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన తర్వాత మామ నన్ను తోడు తీసుకుని వాళ్ల ఇంటికి బయలుదేరాడు. విష్ణు వాళ్లమ్మ సుభద్రమ్మ మమ్మల్ని చూసి ఏడుస్తూనే లోపలికి పిలిచింది. పూజగదిలో దేవుడి పటాల పక్కన, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టిన నల్లటి పట్టీ ఒకటి కనిపించింది. సీటు బెల్టు ముక్క. "నా కొడుకును ఇదే పట్టి నిలిపింది మామా. దీనికి దినామూ దీపం పెడతాండా" అన్నది. మామ ఆ పట్టీని చాలాసేపు చూశాడు. ఆ ఇంట్లో ఎవరికీ ఏమీ తెలియదు. చెప్పకుండా పరామర్శించి వచ్చేస్తే ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని ఆయన చెప్పాడు. "విష్ణూ, సీట్లో ఇంకొక సంచుండె. అది నీ పక్కకు వచ్చి ఆనుకోవల్ల. నా కుట్టు దాన్ని రానీయలా." విష్ణుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మెల్లగా అడిగాడు, "నీకు ముందు తెలీదా మామా?" మామ తల అడ్డంగా ఊపి, "తెలీదప్పా. తెలుసుకోవల్సిండె. తెలుసుకోకుండా కుట్టినా" అన్నాడు. విష్ణు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సుభద్రమ్మ నా చేతికిచ్చిన కాఫీ గ్లాసు నా చేతిలోనే చల్లారింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెప్పాను. "మామా, నేను ఆ పొద్దు కంపెనీవాళ్లను అడగలా. ఫోన్ చేసి పెట్టేసినా. నీకు అబద్ధం చెప్పినా."

"తెలుసు" అన్నాడు.

"ఎట్లా తెలుసు?"

"మొన్న మా అల్లునితో ఫోన్ చేయించినా. ఆ సీటుకు తొడుగు వేయనే గూడదన్నారు. ఎవురడిగినా అదే చెప్తారంట. నువ్వు అడిగుంటే నీకూ అదే చెప్పుందురు."

"తెలిసి గూడా వాళ్ల ముందర నా పేరెందుకు చెప్పలా?"

మా వీధి మలుపు వచ్చాక, "నీ పేరు నువ్వు చెప్పుకోవల్ల ఓబులమ్మా. నేను చెప్తే అది చాడీ అవుతాది" అన్నాడు. తర్వాత ఆయన బతికినంతకాలం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు.

మరుసటి రోజు దూలం నుంచి ఆ దిమ్మను దించి పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాడు. అప్పటిదాకా మేం తొడుగులు వేసిన కార్లన్నిటినీ గుర్తు చేసుకుని, ఒక్కొక్కరికే కబురు పెట్టి పిలిపించాడు. సీటు పక్కన ఆ చీటీ ఉన్న ప్రతి బండికీ కుట్టు విప్పాం. కొందరు తిట్టారు, బాగున్న తొడుగును పాడుచేశారని. "మా సీట్లేమి కోళ్లగూళ్లా, పక్కన తెరిచి పెట్టేదానికి?" అని ఒకాయన అరిచి వెళ్లిపోయాడు. ఆ భాగంలో మాత్రం పలచటి దారంతో, గుంజితే ఊడిపోయేట్టు కుడదామని నేనే ఉపాయం చెప్పాను. ఊడే కుట్టు నాకు బాగానే వచ్చు కదా అని నవ్వించబోయాను. ఆయన నవ్వలేదు. "ఏ దారం ఎంత బలానికి తెగుతాదో నీకు తెల్సా? నాకూ తెలీదు. ఆ పక్క మనం చెయ్యే పెట్టగూడదు" అన్నాడు. కుట్టకుండా వదిలేయడం కూడా పనేనని నేను నేర్చుకున్నది అప్పుడే. బేరాలు సగానికి సగం పడిపోయాయి. ఆయన పట్టించుకోలేదు.

ఆయన పట్టించుకున్నది ఒక్కటే. విష్ణు లేచి నడవడం మొదలుపెట్టాడు. కుడికాలు కొంచెం ఈడుస్తూ మా వీధి చివరి బ్యాంకుకు వచ్చిపోతుండేవాడు. మా దుకాణం వైపు తల తిప్పేవాడు కాదు. మామ మిషను ఆపి చూసేవాడు. బెంచీ మీద విష్ణు కూర్చునేచోట ఎవరైనా రెక్సిన్ చుట్ట పెడితే తీసి పక్కన పెట్టేవాడు. "విష్ణు ఇట్లా పోయినాడా?" అని నన్ను అడిగేవాడు. పోయాడనేదాన్ని. పరుగెత్తి వెళ్లి అతన్ని ఆపి చెప్పడానికి నాకు ఎన్ని సందర్భాలు వచ్చాయో! పనిలోంచి తీసేస్తారేమోనన్న భయం కాదు, మామ తీసేసేవాడు కాదు. ఆ కుర్రవాడు గోడవైపు తిప్పుకున్న మొహం నావైపు తిరుగుతుందన్న భయం. రేపు చెప్దాం, వచ్చే శుక్రవారం చెప్దాం అనుకుంటూ ఆరేళ్లు గడిపాను.

ఖాజా మామ పోయి రెండేళ్లయింది. పనిచేస్తూ చేస్తూనే గుండెనొప్పి అన్నాడు, ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది. మట్టివేసే రోజు కడపలో సగం మంది మెకానిక్కులు వచ్చారు. విష్ణు రాలేదు. వారం ఆగి వాళ్ల ఇంటికి వెళ్లాను. సుభద్రమ్మ ఊళ్లో లేదు. విష్ణు వరండాలో కూర్చుని ఉన్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పాను. చీటీ చదివింది నేను. ఫోను పెట్టేసింది నేను. అబద్ధం చెప్పింది నేను. కుట్టింది కూడా నేనే. మామ అడిగి తెలుసుకోమన్నాడు, నన్ను నమ్మాడు, అంతకు మించి ఆయన చేసిందేమీ లేదు. విష్ణు అరుస్తాడనుకున్నాను. అతను ఆ కుడికాలిమీద చెయ్యి వేసుకున్నాడు.

"ఇప్పుడు చెప్తాండావా అక్కా?" అన్నాడు. "రెండు పండగలకు మామ సేమ్యా తీసుకోని మా గేటు కాడికొచ్చినాడు. నేను కిటికీలోంచి చూస్తానే ఉండా. శానాసేపు నిలబడినాడు. తలుపు తీయొద్దని అమ్మకు నేనే చెప్పినా."

ఆ సంగతి మామ నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ సేమ్యా గిన్నె చల్లారిపోయి దుకాణానికి తిరిగి వచ్చి ఉంటుంది. ఒక పండగనాడు మేమంతా అది పంచుకుని తినడం నాకు బాగా గుర్తుంది. చాలా బాగుందని నేను మారు వేయించుకున్నాను.

ఆ తర్వాత కడపలో ఉండలేక కర్నూలుకు వచ్చేశాం. నా దుకాణంలో ఇప్పుడు నలుగురు పనిచేస్తున్నారు. వాళ్లలో ఎవరైనా తప్పు చేసి అది నా కంటబడితే, బండి యజమానికి నేనుగా వాళ్ల పేరు చెప్పను. పిలిచి కూర్చోబెట్టి, "రేపు పొద్దుమునిగేలోపు నువ్వే పోయి చెప్పల్ల. చెప్పకపోతే నేను చెప్తా" అంటాను. ఏడ్చినవాళ్లున్నారు, నన్ను తిట్టుకున్నవాళ్లున్నారు, అందరూ వెళ్లి చెప్పి వచ్చారు. ఖాజా మామ నాకు అట్లా గడువు పెట్టలేదు. పెట్టి ఉంటే నేనూ చెప్పేసి ఉండేదాన్ననీ, ఆయనకు ఆ గేటు ముందు నిలబడే గతి పట్టేది కాదనీ చాలాకాలం అనుకున్నాను. జీవితంలో ఆయన చేసిన పొరపాటు అదొక్కటేనని ఒకసారి మా ఆయనతో పైకి అనేశాను కూడా. అన్న తర్వాత అన్నం ముందు కూర్చోలేకపోయాను. మనిషి మట్టిలో కలిసిపోయాక కూడా, నా తప్పును తీసుకెళ్లి ఆయన నెత్తినే పెడుతున్నాను.